పెరిగే పట్టిక... తప్పని లెక్క
పైథాన్ 'లిస్ట్'ను అర్థం చేసుకుంటేనే ప్రోగ్రామింగ్‌పై పట్టు

కావలి: డిగ్రీలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న గ్రామీణ విద్యార్థులను తొలి ఏడాదే తికమకపెట్టే అంశాల్లో 'అర్రే' ఒకటి. 1951లో జవహర్ భారతి కళాశాల ఏర్పాటుతో చదువుల పట్టణంగా పేరొందిన కావలికి చుట్టుపక్కల పల్లెల నుంచి విద్యార్థులు వస్తుంటారు. నిర్వచనం కంఠస్థం చేస్తే పరీక్ష గట్టెక్కవచ్చు. ప్రోగ్రామ్ ఇచ్చే జవాబు సరైనదా కాదా అని తేల్చుకోవాలంటే మాత్రం లోపల జరిగేది తెలియాలి.

తీరంలోనే ఉదాహరణ
తుమ్మలపెంట తీరానికి వేట ముగించుకుని పడవలు ఒక్కొక్కటిగా చేరతాయనుకుందాం. ప్రతి పడవ చేపల తూకాన్ని కంప్యూటర్‌లో నమోదు చేయాలి. ఎన్ని పడవలు వస్తాయో ముందుగా తెలియదు. పట్టికలో 50 గళ్లు కేటాయిస్తే 51వ పడవకు చోటుండదు. 500 కేటాయిస్తే అధిక భాగం వృథా. ఈ చిక్కును తీర్చేదే అవసరాన్ని బట్టి పెరిగే డైనమిక్ అర్రే.

బేసిక్ నుంచి పైథాన్ వరకు
కొత్తవారి కోసం 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ భాషను రూపొందించారు. ఆ కోవకు చెందిన విజువల్ బేసిక్‌లో అర్రే పరిమాణాన్ని 'రీడిమ్' ఆదేశంతో మార్చాలి. దానికి 'ప్రిజర్వ్' అన్న మాట జోడించకుంటే అంతవరకు నమోదైన అంకెలన్నీ చెరిగిపోతాయి. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్‌లో ఈ బెడద లేదు. 'అపెండ్' అంటే చాలు, కొత్త తూకం లిస్ట్ చివర చేరుతుంది.

తెర వెనుక జరిగేది
లిస్ట్‌లోని గళ్లు మెమరీలో వరుసగా ఉంటాయి. అవి నిండితే మరింత పెద్ద చోటు వెతికి పాతవాటిని అక్కడికి నకలు చేయవలసి రావచ్చు. ఒక్కో అంకెకు ఒక్కో గడి చొప్పున పెంచుతూ ప్రతిసారీ నకలు చేస్తే 1,000 అంకెలు చేర్చేసరికి 4,99,500 నకళ్లు అవసరమవుతాయి. ఒక గడితో మొదలుపెట్టి, నిండినప్పుడల్లా రెట్టింపు చేస్తే 1,023 నకళ్లతో పని పూర్తవుతుంది. ముందుచూపుతో కొంత ఖాళీ ఉంచుకోవడమే ఇందులోని కిటుకు. పైథాన్ పొదుపుగా, పెద్ద లిస్ట్‌లకు దాదాపు ఎనిమిదో వంతు చొప్పున అదనపు చోటు కేటాయిస్తుంది.

చివర చేర్చడం తేలికే కానీ, మొదట్లో చేర్చడం ఖరీదైన పని. 'ఇన్సర్ట్'తో తొలి గడిలో కొత్త అంకె పెడితే మిగిలినవన్నీ ఒక్కో గడి వెనక్కి జరగాలి.

ఇక్కడే జాగ్రత్త
నాలుగు పడవల తూకాలు వరుసగా 40, 0, 0, 25 కిలోలు అనుకుందాం. ఖాళీగా వచ్చిన పడవలను తీసివేసి సగటు కట్టాలి. విద్యార్థి లిస్ట్‌ను చదువుతూనే సున్నాలను 'రిమూవ్' చేస్తే మొదటి సున్నా పోతుంది. వెంటనే రెండో సున్నా ముందుకు జరిగి ఆ ఖాళీలోకి వస్తుంది. ప్రోగ్రామ్ మాత్రం తర్వాతి గడికి వెళ్లిపోతుంది. ఫలితంగా ఒక సున్నా మిగిలిపోయి, సగటు 32.5 కిలోలకు బదులు సుమారు 21.67గా వస్తుంది. కంప్యూటర్ ఎలాంటి హెచ్చరికా చేయదు. తెరపై కనిపించిన అంకెను నమ్మితే ఆ రోజు వేట అంచనా మొత్తం తలకిందులవుతుంది.

సున్నా కాని తూకాలను మాత్రమే కొత్త లిస్ట్‌లోకి చేర్చుకోవడం దీనికి పరిష్కారం. విద్యార్థులు ముందుగా కాగితంపై గళ్లు గీసి, ప్రతి ఆదేశం తర్వాత ఏ అంకె ఎక్కడికి జరిగిందో రాసుకోవడం అలవాటు చేసుకోవాలి. సొంత కంప్యూటర్ లేని విద్యార్థి సైతం ఇంటివద్ద చేయగలిగిన సాధన ఇది.