పాత ఫిరంగుల గుర్తింపు, భద్రత: ఖమ్మం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు నేలలోని కోటల్లో, వాటి పరిసర గ్రామాల్లో మిగిలిన పాత ఫిరంగులు లిఖిత చరిత్రకు తోడ్పడే భౌతికాధారాలు. ఫిరంగి కాలాన్ని చెప్పే ఆనవాళ్ళు గొట్టం పైన ఉంటే, ప్రాణాపాయం గొట్టం లోపల ఉండవచ్చు. కనుక ఫిరంగిని ముందు దూరం నుంచి చదవాలనీ, ఖాళీ అని నిపుణులు తేల్చేవరకు మందు దట్టించి ఉన్నట్లే భావించాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫిరంగి, తోపు, శతఘ్ని, తుపాకిమందు, సూరేకారం, ఖమ్మం ఖిల్లా.

1. ఉపోద్ఘాతం

బోనకల్ మండలం ఖమ్మం జిల్లాలో మధిరను ఆనుకొని, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు చేరువలో ఉంది. దీనికి ఒకవైపు ఖమ్మం ఖిల్లా, మరొకవైపు కొండపల్లి కోట, ఆపైన గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవైన మచిలీపట్నం ఉన్నాయి. సైన్యాలూ సరుకులూ నడిచిన ఇటువంటి ప్రాంతంలో పూడిక తీసేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో పాత ఫిరంగి బయటపడితే ఆశ్చర్యపడనక్కరలేదు. దానిని పాత ఇనుముగా చూసి సుత్తితో కొట్టినా, కోత యంత్రం పెట్టినా చరిత్రతోపాటు ప్రాణం కూడా పోయే అవకాశం ఉంది.

2. పదాలు చెప్పే చరిత్ర

‘ఫిరంగి’ అనే మాట ఐరోపావారిని సూచించే పారశీక పదం నుంచి వచ్చింది. ‘తోపు’, ‘తుపాకి’ అనే మాటలకు మూలం తుర్కీ భాష. మందుగుండు సాంకేతికత ఏయే దారుల్లో ఈ నేలకు చేరిందో ఈ పదాలే సూచిస్తున్నాయి. ‘శతఘ్ని’ విషయం వేరు. ఇతిహాసాల్లో కనిపించే ఈ సంస్కృత పదం తుపాకిమందు వాడకం కంటే పాతది. దానిని ఫిరంగికి పర్యాయంగా వాడటం తరువాతి అలవాటు. కాబట్టి కావ్యంలో శతఘ్ని కనిపించినంత మాత్రాన ఆ కాలంలో ఫిరంగులు ఉన్నాయని నిర్ధారించడం సరికాదు.

3. గుర్తింపు లక్షణాలు

3.1 లోహం: కంచు ఫిరంగికి ఆకుపచ్చ పొర పడుతుంది. ఇనుములో రెండు రకాలున్నాయి. కమ్మీలను పక్కపక్కన పేర్చి, వాటిపై కాల్చిన పట్టాలు బిగించి చేసినది ఒకటి. దీని మీద కడియాల వంటి వరుసలు కనిపిస్తాయి. రెండవది పోత ఇనుముది. ఇది ఒకే ముద్దగా, అతుకులు లేకుండా ఉంటుంది.

3.2 రూపం: వెనుక భాగాన నిప్పు ముట్టించే సన్నని రంధ్రం, ఇరుపక్కలా బండిపై ఆనించే మొలలు, మూతి వైపు సన్నబడే గొట్టం ముఖ్యమైన ఆనవాళ్ళు.

3.3 రాత: గోల్కొండ మూసా బురుజు మీది అజ్దహా పైకర్ ఫిరంగిపై ఉన్న పారశీక శాసనంలో ఔరంగజేబు పేరు, తయారుచేసిన మహమ్మద్ అలీ అరబ్ పేరు ఉన్నాయి. మెదక్ కోటలోని కంచు ఫిరంగి రోటర్‌డామ్ నగరాన్ని, 1620వ సంవత్సరాన్ని పేర్కొంటుంది. ఒకటి మొగలు దండయాత్రను, మరొకటి డచ్చి వర్తకాన్ని గుర్తుచేస్తాయి. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో నెలకొల్పిన పోతశాల పేరే నేటి హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీకి నిలిచింది. తుప్పు గీకడం వల్ల ఇటువంటి అక్షరాలే మొదట చెరిగిపోతాయి.

4. ప్రమాదం ఎక్కడ ఉంది?

పాత తుపాకిమందు సూరేకారం, బొగ్గుపొడి, గంధకాల మిశ్రమం. బరువులో వీటి ప్రామాణిక పాళ్ళు 75, 15, 10. మండటానికి కావలసిన ప్రాణవాయువును సూరేకారమే సమకూరుస్తుంది. అందువల్ల మట్టితో మూతి పూడిపోయిన గొట్టంలోనూ మందు అంటుకోగలదు. కాలం గడిచినంత మాత్రాన ఇది చచ్చిపోదు. నీటికి సూరేకారం కొంత కరిగిపోవచ్చు. అయితే తడిసిన మందు ఆరిన తరువాత మళ్ళీ మండే అవకాశం ఉంటుంది. ముట్టడి కాలంలో దట్టించి, పేల్చకుండా వదిలిన ఫిరంగిని ఖాళీ చేయడం ఆనాడూ సులభం కాదు.

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 2013 జనవరిలో ఒక ఫిరంగిని శుభ్రం చేస్తుండగా లోపల 800 గ్రాములకు పైగా మందు, గుండు బయటపడ్డాయి. అది 1780లో మునిగిన హుస్సార్ అనే బ్రిటిష్ నౌకది. ఎన్నో ఏళ్ళు సందర్శకుల మధ్యనే ఉంది. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా నగరలో 2018లో ఒక పాత బావి నుంచి టిప్పు కాలపు రాకెట్లు వెయ్యికి పైగా దొరికాయి. వాటిలో మందు మిగిలే ఉంది.

గుండ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఘనమైన ఇనుప గుండు పేలదు. లోపల మందు నింపిన బోలు గుండు పేలుతుంది. తుప్పు పట్టాక ఈ రెండింటినీ కంటితో వేరుచేయడం కష్టం. 2008లో అమెరికాలోని వర్జీనియాలో అంతర్యుద్ధ కాలపు గుండును బాగుచేస్తూ ఒక సేకర్త మరణించాడు.

5. పాటించవలసిన జాగ్రత్తలు

• మూతికి ఎదురుగా గాని, వెనుక గాని నిలబడరాదు.
• నిప్పు, వెల్డింగు, డ్రిల్లు, కోత యంత్రం దగ్గరికి రానీయరాదు.
• రంధ్రంలో చువ్వ దూర్చడం, గొట్టాన్ని దొర్లించడం, ఎండబెట్టడం చేయరాదు.
• దూరం నుంచి ఛాయాచిత్రాలు తీసి, దొరికిన చోటును, దిశను నమోదు చేయాలి.
• జనాన్ని దూరంగా ఉంచి పోలీసులకు, తహసీల్దారుకు తెలియజేయాలి.

లోపల ఏదైనా ఉన్నదో లేదో తేల్చడం బాంబు నిర్వీర్య బృందం పని. మూతి నుంచి నిప్పు రంధ్రం వరకు బయటి పొడవును, కర్ర కడ్డీతో కొలిచిన లోపలి లోతును వారు పోల్చి చూస్తారు. లోతు బాగా తగ్గితే లోపల అడ్డు ఉన్నట్లు. అది మట్టి కావచ్చు, మందూ కావచ్చు.

6. చట్టపరమైన బాధ్యత

నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధిని గురించి కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధి చట్టం చెబుతుంది. నూరేళ్ళు దాటిన చారిత్రక వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం పరిధిలోకి వస్తాయి. తెలంగాణకు 2017లో ప్రత్యేక వారసత్వ చట్టం వచ్చింది. కాబట్టి పాత ఇనుము కొట్టుకు తరలించడం నష్టమే కాక నేరం కూడా కావచ్చు.

7. ముగింపు

ఫిరంగి విషయంలో భద్రతకూ పరిశోధనకూ వైరుధ్యం లేదు. కదపకుండా, గీకకుండా, వేడి తగలకుండా ఉంచితే ప్రాణం నిలుస్తుంది. శాసనాక్షరాలు, దొరికిన చోటు, లోపలి మందు అనే ఆధారాలూ నిలుస్తాయి. క్షేత్రపర్యటనలకు విద్యార్థులను తీసుకువెళ్ళే అధ్యాపకులు కోట చరిత్రతోపాటు ఈ నియమాన్ని కూడా పాఠంగా చెప్పడం అవసరం.