నట్టింట్లో వైర్‌లెస్ పెట్టె : కొనేముందు ఇంటి గోడలు చూసుకోవాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం : వైర్‌లెస్ అనే మాట వింటే ఒకప్పుడు పల్లె జనానికి పోలీసు స్టేషనే గుర్తుకొచ్చేది. ఇప్పుడా వైర్‌లెస్ నట్టింట్లోకి వచ్చి కూర్చుంది. టీవీ పక్కన చిన్న పెట్టె, దానికి రెండో నాలుగో కొమ్ములు, మిణుకు మిణుకుమనే దీపాలు. దాని పేరు రౌటరు. పల్లెల్లో మాత్రం 'వైఫై డబ్బా' అంటేనే అందరికీ తెలుస్తుంది.

ఈ డబ్బాను ఇప్పుడు విలాస వస్తువు అనుకోవడానికి లేదు. మదనపల్లె మార్కెట్లో టమోటా ఏ ధర పలికిందో, పట్టుగూళ్ళు ఎంతకు పోయాయో బండి కట్టకముందే తెలుసుకోవాలన్నా, ఇంజనీరింగు సీటు కోసం పిల్లలు గడువులోగా వెబ్ ఆప్షన్లు పెట్టాలన్నా, బెంగళూరు కంపెనీలో పనిచేసే కొడుకో కోడలో పండగకు వచ్చి నాలుగు రోజులు ఇంటినుంచే పని చేసుకోవాలన్నా ఇదే ఆధారం.

చిక్కు ఎక్కడంటే, ఇంటిదాకా బాగానే వచ్చిన ఇంటర్నెట్ ఇంట్లో పడకగదిదాకా పోదు. 'ఈ డబ్బా మంచిది కాదు, ఇంకొకటి కొందాం' అని అప్పుడు అందరికీ తోస్తుంది. రెండు మూడు వేలు పోసి కొత్తది తెచ్చినా, పడకగదిలో ఫోను మీద చక్రం తిరుగుతూనే ఉంటే ఆ డబ్బు నీళ్ళపాలైనట్లే. తప్పు పెట్టెది కాకుండా పెట్టిన చోటిది అయినప్పుడు ఎన్ని పెట్టెలు మార్చినా ప్రయోజనం ఉండదు.

కుప్పంలో 2002లోనే తొలి అడుగు

పడమటి మండలాలకు ఈ విద్య కొత్తది కాదు. కంప్యూటర్ల తయారీ సంస్థ హ్యూలెట్ ప్యాకార్డ్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 2002లో కుప్పం ప్రాంతంలో 'ఐ-కమ్యూనిటీ' అనే పథకాన్ని ఆరంభించాయి. పల్లె జనం కంప్యూటరు సేవలు పొందేందుకు సమాచార కేంద్రాలు వెలిశాయి. పొదుపు సంఘాల మహిళలు డిజిటల్ కెమెరాలు పట్టి, సౌరశక్తితో నడిచే పరికరాలతో ఫొటోలు అచ్చువేసి ఇచ్చి సంపాదించుకున్నారు. అయితే ఆ రోజుల్లో ఇంటర్నెట్ కోసం జనమే కేంద్రానికి నడిచి వెళ్ళవలసి వచ్చేది.

తరువాత రెండు మార్పులు జరిగాయి. ఒకప్పుడు ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టవలసి ఉండేదని పెద్దలకు గుర్తుండే ఉంటుంది. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగాలకు అటువంటి అనుమతి అక్కరలేదని కేంద్ర ప్రభుత్వం 2005లో నిబంధన తెచ్చింది. దానితో ఎవరైనా అంగట్లో రౌటరు కొని ఇంట్లో పెట్టుకునే వీలు కలిగింది. రెండవది ఏపీ ఫైబర్‌నెట్. కరెంటు స్తంభాల మీదుగా గాజు తీగ లాగి, నెలకు 149 రూపాయలకే టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్ మూడూ కలిపి ఇచ్చే పథకంగా ఇది మొదలైంది. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో దీన్ని జాతికి అంకితం చేశారు. బి.ఎస్.ఎన్.ఎల్., ప్రైవేటు కంపెనీల తీగలు కూడా పల్లెలకు చేరాయి.

రౌటరు ఇంటర్నెట్ పుట్టించదు

కొనేముందు తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. వీధిలోనుంచి వచ్చే సన్నని గాజు తీగలో సమాచారం కాంతి రూపంలో వస్తుంది. దాన్ని ఫోనుకు, కంప్యూటరుకు పనికివచ్చేలా మార్చే పెట్టెను ఓ.ఎన్.టి. అంటారు. జనం దీన్ని మోడెం అంటున్నారు. అలా మారినదాన్ని ఇంట్లోని అన్ని ఫోన్లకు గాలిలో పంచిపెట్టేది రౌటరు. బోరులోని నీరు ఎంతో అంతే గాని, కుళాయి మార్చినంతమాత్రాన నీరు పెరగదు. ఇదీ అంతే.

ఇప్పుడు చాలా కంపెనీలు ఈ రెండింటినీ ఒకే పెట్టెలో అమర్చి ఇస్తున్నాయి. అటువంటి ఇళ్ళలో వేరే రౌటరు కొనవలసిన పని సాధారణంగా ఉండదు. కనెక్షను ఇచ్చే మనిషి వచ్చినప్పుడే మూడు మాటలు అడగాలి. ఈ పెట్టెలో వైఫై ఉందా? ఉంటే ఒక రకం తరంగమా, రెండు రకాలా? పెట్టె మనదా, కనెక్షను వదిలేస్తే తిరిగి ఇచ్చెయ్యాలా? వేరే రౌటరు కొన్నా ఓ.ఎన్.టి.ని తీసేయడానికి వీలులేదు. కొత్త రౌటరును దానికి లాన్ తీగతో తగిలించాలి.

పలకల మోత, పాట మాట

రౌటర్లలో ఒకే తరంగంతో పనిచేసేవి, రెండింటితో పనిచేసేవి ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగం దూరం పోతుంది, గోడలను కొంత దాటుతుంది, కాని వేగం తక్కువ. 5 గిగాహెర్ట్‌జ్ తరంగం వేగం ఎక్కువ, కాని గోడ అడ్డం వస్తే త్వరగా నీరసిస్తుంది. పక్క ఊరి జాతరలో పలకల మోత మన ఊరిదాకా వినిపిస్తుంది గాని పాటలోని మాటలు వినిపించవు. ఇక్కడా దాదాపు అలాంటిదే జరుగుతుంది.

పడమటి మండలాల ఇళ్ళకు ఇది ముఖ్యమైన విషయం. పాత మట్టిమిద్దెల గోడలు, బండలు పేర్చి కట్టిన రాతిగోడలు మందంగా ఉంటాయి. కొత్త ఇళ్ళలో కాంక్రీటు కప్పులో ఇనుప కమ్మీలుంటాయి. ఈ రెండూ తరంగాలను అడ్డుకునేవే. కాబట్టి ఒకే గది, వసారా ఉన్న చిన్న ఇంటికి కంపెనీ ఇచ్చిన పెట్టె చాలు. నాలుగు గదులో, పైన అంతస్తో ఉంటే రెండు తరంగాలూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ రౌటరు తీసుకోవడం మేలు.

కొమ్ములు ఎక్కువుంటే దూరం ఎక్కువ పోతుందనే నమ్మకం ఒకటి ఉంది. అది నిజం కాదు. గాలిలోకి వదిలే శక్తికి ప్రభుత్వ నిబంధనల ప్రకారం హద్దు ఉంది. అట్టపెట్టె మీద వేసే పెద్ద పెద్ద అంకెలకు కూడా మోసపోరాదు. అవి అన్ని తరంగాల వేగాన్నీ కలిపి చెప్పే లెక్కలు. నెలకు కట్టే ప్లాను 50 మెగాబిట్లదైతే ఎంత ఖరీదైన రౌటరు పెట్టినా బయటినుంచి వచ్చేది 50 మాత్రమే. ప్లాను 100 మెగాబిట్లకు మించినదైతే రౌటరుకు గిగాబిట్ పోర్టులు ఉన్నాయో లేదో చూడాలి. వైఫై 5, వైఫై 6 అనే తరాలలో 6 కొత్తది, ఎక్కువ ఫోన్లున్న ఇంటికి మంచిది. ఇంట్లోని ఫోన్లు పాతవైతే దాని లాభం అంతగా తెలియదు. ఏది కొన్నా బిల్లు, వారంటీ కాగితం తీసుకోవడం మరువరాదు.

ఎక్కడ పెట్టాలి?

చాలా ఇళ్ళలో తీగ ఏ మూలనుంచి వస్తే ఆ మూలనే పెట్టె తగిలించి వెళుతున్నారు. అందువల్ల సగం వైఫై వీధి పాలవుతోంది. ఇంటి నడిమధ్యన, మనిషి తల ఎత్తుకు కొంచెం పైన, చుట్టూ ఖాళీ ఉన్న చోట పెట్టడం సరైన పద్ధతి. ఇనుప బీరువా మీద గాని, బీరువా లోపల గాని, టీవీ వెనుక గాని, నేల మీద గాని, నీళ్ళ డ్రమ్ము పక్కన గాని పెట్టరాదు. లోహం, నీరు తరంగాలను అడ్డుకుంటాయి. మైక్రోవేవ్ పొయ్యి ఉన్న ఇళ్ళలో దానికీ దూరంగా ఉంచాలి.

గాజు తీగను లోపలిదాకా పొడిగించమని కనెక్షను ఇచ్చే రోజునే అడగాలి. దాన్ని మడతపెట్టినా, మేకుకు బిగించి కట్టినా లోపల విరుగుతుంది. తెగిన కొనలోకి కన్ను పెట్టి చూడడం ప్రమాదం. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు. గాజు తీగ కుదరకపోతే మామూలు లాన్ తీగ వేసుకోవచ్చు. అది 100 మీటర్లదాకా పనిచేస్తుంది. మిద్దెపై గదికి, ఇంటి వెనుక పశువుల కొట్టంలోని కెమెరాకు ఆ తీగ వేసి చివర రెండవ రౌటరు పెట్టుకుంటే వేగం తగ్గదు. గాలిలోనే అందుకుని గాలిలోనే పంచే చౌకరకం రిపీటర్లు వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తాయి.

మేకు కొట్టకముందే ఒక పరీక్ష చేయాలి. పెట్టెను స్టూలు మీద పెట్టి, ఒకరు ఫోనులో వీడియో మాట్లాడుతూ గది గదికీ నడవాలి. ఎక్కడ మాట తెగుతోందో చూసుకుని పెట్టెను ఒక గజం అటూ ఇటూ జరపాలి. ఖర్చులేని ఈ పరీక్ష చాలా ఇళ్ళలో కొత్త రౌటరు ఖర్చును తప్పిస్తుంది.

అమర్చే పద్ధతి

ఓ.ఎన్.టి. నుంచి వచ్చే లాన్ తీగను రౌటరు వెనుక 'వాన్' అని రాసి ఉన్న రంధ్రంలో తగిలించి కరెంటు ఇవ్వాలి. పెట్టె అడుగున చీటీ మీద వైఫై పేరు, పాస్‌వర్డు, ఒక అంకెల చిరునామా ఉంటాయి. ఆ చిరునామా ఎక్కువగా 192.168.0.1 అనో 192.168.1.1 అనో ఉంటుంది. ఫోనును ఆ వైఫైకి కలిపి, బ్రౌజరులో ఈ అంకెలు కొడితే రౌటరు లోపలి పేజీ తెరుచుకుంటుంది. అది ఇంట్లోని పెట్టెలోనే ఉండే పేజీ గనుక ఇంటర్నెట్ రాకపోయినా తెరుచుకుంటుంది.

అక్కడ చేయవలసిన పనులు నాలుగు. కంపెనీవారు యూజరు పేరు, పాస్‌వర్డు ఇచ్చి ఉంటే వాటిని పి.పి.పి.ఓ.ఇ. అనే చోట నింపాలి. పేజీలోకి వెళ్ళే అడ్మిన్ పాస్‌వర్డును మార్చాలి. ఇది వైఫై పాస్‌వర్డు కాదు, వేరు. భద్రత అన్న చోట డబ్ల్యు.పి.ఎ. 2 గాని, డబ్ల్యు.పి.ఎ. 3 గాని ఎంచి, కనీసం 12 అక్షరాలు, అంకెలు కలిసిన పాస్‌వర్డు పెట్టాలి. ఫోను నంబరు, పిల్లల పేరు, బండి నంబరు పనికిరావు. డబ్ల్యు.పి.ఎస్. అనే సదుపాయాన్ని ఆపివేసి, సాఫ్ట్‌వేరు అప్‌డేట్ ఉంటే చేసుకోవాలి. అన్నీ ఒక కాగితం మీద రాసి బీరువాలో దాచుకుంటే మళ్ళీ ఎవరినీ పిలవవలసిన పని ఉండదు.

పక్కింటివారు అడిగితే?

పల్లెలో ఇది పెద్ద సంకటం. మజ్జిగ అడిగినా పాస్‌వర్డు అడిగినా లేదనడం మర్యాద కాదు. కాని కనెక్షను ఎవరి పేరున ఉందో బాధ్యత ముందుగా వారి మీదకు వస్తుంది. ఆ వైఫై నుంచి ఎవరైనా తప్పుడు పని చేస్తే పోలీసులు మొదట వెతుక్కుంటూ వచ్చేది ఆ ఇంటికే. ఇందుకు ఒక మధ్యేమార్గం ఉంది. చాలా రౌటర్లలో 'గెస్ట్' అనే వేరే వైఫై ఉంటుంది. బంధువులకు, చుట్టుపక్కల పిల్లల చదువుకు దాన్ని ఇచ్చి, పని అయ్యాక ఆపివేయవచ్చు. పాస్‌వర్డు ఊరంతా తెలిసిపోయిన ఇళ్ళలో వెంటనే మార్చుకోవడం మంచిది. ఆన్‌లైనులో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

కరెంటు పోతే, ఉరుము ఉరిమితే

ఈ పెట్టె పెద్దగా కరెంటు తాగదు. 10 వాట్ల పెట్టె రాత్రింబవళ్ళు వెలిగినా నెలకు సుమారు 7 యూనిట్లు అవుతుంది. కరెంటు కోతలున్న పల్లెల్లో రౌటర్ల కోసమే అమ్మే చిన్న యు.పి.ఎస్. తగిలిస్తే కొన్ని గంటలు ఆగకుండా నడుస్తుంది. కొనేముందు పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూసి సరిపోల్చుకోవాలి. ఓ.ఎన్.టి., రౌటరు వేర్వేరుగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి. గాజులో కరెంటు పారదు గాని పిడుగు దెబ్బ కరెంటు తీగ గుండా రావచ్చు. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసివేయడమే క్షేమం.

డబ్బు తీయకముందు

ఇంటర్నెట్ రానప్పుడు ముందు దీపాలు చూడాలి. ఓ.ఎన్.టి. మీద 'లాస్' అనే దీపం ఎర్రగా వెలుగుతుంటే తీగ ఎక్కడో తెగిందని అర్థం. కొత్త రౌటరుతో అది బాగుపడదు, కంపెనీకి ఫిర్యాదు చేయాలి. దీపాలన్నీ సరిగా ఉండి, పెట్టె పక్కనే నిలబడినా వేగం లేకపోతే లోపం ప్లానులోనో లైనులోనో ఉండవచ్చు. పెట్టె పక్కన బాగా వచ్చి గదిలో రాకపోతే అది గోడల సమస్య, చోటు మార్చాలి. పట్నంలో ఇళ్ళు కిక్కిరిసిన వీధిలో సాయంత్రం పూటే నెమ్మదిస్తుంటే పక్కిళ్ళ వైఫైలు అడ్డుపడుతూ ఉండవచ్చు. 2.4 తరంగంలో ఛానలును 1, 6, 11లలో ఒకదానికి మార్చి చూడాలి. పెట్టె పాతదై మాటిమాటికీ తానే ఆగిపోతుంటే మాత్రం కొత్తది కొనడం న్యాయం.

సీటు ఆప్షన్లకు రేపే గడువన్న రాత్రి చక్రం తిరుగుతూ కూర్చుంటే ఆ పిల్ల పడే ఆందోళన ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ రాత్రి మదనపల్లెకో పుంగనూరుకో పరుగెత్తి డబ్బా కొనుక్కురావడానికి అంగళ్ళు తెరిచి ఉండవు. తీరిక ఉన్న ఒక ఆదివారం స్టూలు వేసుకుని, ఫోను పట్టుకుని నాలుగు గదులు తిరిగి చూసుకుంటే ఆ పరిస్థితి చాలావరకు తప్పుతుంది.