మహిళాదినము - ఆడుబిడ్డ వాటా

మార్చి 8వ తేది వచ్చినంతనే అమలాపురము, రాజోలు, కొత్తపేటలలో సభలు జరుపుట, స్త్రీలకు శాలువలు కప్పుట ఆచారమైనది. ఆ ఆచారమును మేము కాదనము. కాని పుట్టుక నెఱుగక జరుపు పండుగ ఫలమీయదు.

ఈ దినమునకు మూలములు కూలియు, ఓటును. 1909లో అమెరికా సామ్యవాదులు తొలి మహిళాదినమును జరిపిరి. 1910లో కోపెన్‌హేగన్ సభయందు జర్మను వనిత క్లారా జెట్కిన్ దీనిని సర్వదేశములందును జరుపవలెనని ప్రతిపాదించెను. 1917లో మార్చి 8వ తేదిని పెట్రోగ్రాడు నేతమిల్లుల స్త్రీలు రొట్టెకై వీథుల కెక్కిరి. ఆ సమ్మెయే జారు చక్రవర్తిని గద్దె దింపిన విప్లవమునకు నాంది యయ్యెను. ఐక్యరాజ్యసమితి 1975లో దీనిని జరుప నారంభించెను.

పరదేశపు పండుగ మనకేల యని కొందఱందురు. స్త్రీల చరిత్రను గ్రంథస్థము చేయు పని మన యాంధ్రదేశమున అంతకుముందే మొదలైనది. భండారు అచ్చమాంబగారు (1874-1905) స్వయంకృషిచే విద్య నార్జించి, ఉత్తమస్త్రీల చరిత్రములను గూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను రచించిరి. గోదావరిసీమలోని ద్రాక్షారామమున జన్మించిన దువ్వూరి సుబ్బమ్మగారు బాల్యముననే వైధవ్యము పొందియు, సహాయనిరాకరణోద్యమమున ఊరూర నుపన్యసించి 1922లో చెరసాల కేగిరి.

ఇక మన యింటిలెక్క చూతము. చేలో నాటువేయునది స్త్రీ. కొబ్బరిపీచును తాడుగా పేనునది స్త్రీ. తోటయు చేనును ఎవరి పేర నున్నవి? హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో అవివాహితయగు కుమార్తెకు కుమారునితో సమానముగ వాటా నిచ్చుచు ఆంధ్రప్రదేశ శాసనసభ 1986లో చట్టము చేసెను. వివాహిత, అవివాహిత యను భేదమును 2005లో పార్లమెంటు తొలగించెను. ఈ హక్కు జన్మతః సిద్ధించునదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

అయినను పసుపుకుంకుమల క్రింద కొంత ముట్టచెప్పి, కట్నముతో ఋణము తీరినదని యెంచువా రింకను కలరు. అన్నదమ్ములు కోరగా, పుట్టినిల్లు దూరమగునను భీతితో హక్కువిడుదల దస్తావేజుపై సంతకము చేయు సోదరీమణులును కలరు. ఆ సంతకము ప్రేమచేతనా, భయముచేతనా యని ప్రతి గృహస్థుడును తన మనస్సాక్షి నడుగవలెను.

శాలువ కప్పుట కొకదినము చాలును. వాటా వ్రాయుటకు మనసు కావలెను. సభలో ముందుకు వచ్చిన చేయి రిజిస్ట్రారు కచేరీలో వెనుకాడకుండుటయే ఈ పండుగకు సార్థకత యని మా యభిప్రాయము.