మోటారు కారులోని ఎర్ర దీపము

విశాఖపట్నము నుండి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకులోయకు పోయే ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజనుకు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకులకు పరీక్ష. అరకు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. మనుషులతో, సామానుతో కలిసి 1400 కిలోగ్రాములు తూగే కారు అక్కడ నుండి మైదానమునకు దిగివస్తే, అది కోల్పోయే స్థితిశక్తి ఎంతో విద్యార్థులు తేలికగా లెక్కకట్టవచ్చును. 1400ను 9.8తోను, 900తోను గుణిస్తే సుమారు 123 లక్షల జౌలులు వస్తుంది. దాదాపు 42 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగు స్థానమునకు తేవడానికి ఈ శక్తి చాలును. ఇందులో కొంత గాలి నిరోధమునకు, కొంత ఇంజనుకు పోతుంది. తక్కినదంతా బ్రేకులలో ఉష్ణముగా మారవలసినదే.

ఇటువంటి దారికి ఒక పాత కారును తీసుకొని పోదలచినామని అనుకుందాము. ఏళ్ళ తరబడి షెడ్డులో పడి ఉన్న బండి అది. దానికి రంగు వేయించి, తీగలు మార్పించి, బ్రేకులు విప్పి బాగు చేయించినాము. తాళము తిప్పగానే, బ్రేకులను గురించి హెచ్చరించే ఎర్ర దీపము వెలిగి, ఎంతకూ ఆరలేదు. లేదా అసలు వెలగనే లేదు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదకరము? చాలమంది మొదటిదే అంటారు. నా దృష్టిలో రెండవదే. కారణము తెలియవలెనంటే ఆ దీపమునకు వార్త ఎట్లా చేరుతుందో చూడవలెను.

హైదరాబాదు చౌమహల్లా భవనములో నిజాముగారి 1912 నాటి రోల్స్ రాయిస్ కారు ఉన్నది. దాని బ్రేకులు కడ్డీలతో లాగబడేవి. అవి కూడ వెనుక చక్రములకే. నాలుగు చక్రములకు ద్రవముతో పనిచేసే బ్రేకులు 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారుతో వచ్చినవి. వీటికి మూలము మనము తరగతిలో చెప్పే పాస్కల్ సూత్రమే. పాదముతో 20 కిలోల బలము పెడితే, పెడలు అనే తులాదండము దానిని ఐదింతలు, అనగా 100 కిలోలు చేస్తుంది. మాస్టరు సిలిండరు వైశాల్యము 4 చదరపు సెంటీమీటర్లైతే, ద్రవములో పీడనము చదరపు సెంటీమీటరుకు 25 కిలోలు. అదే పీడనము గొట్టముల వెంట ప్రతి చక్రమునకూ చేరుతుంది. అక్కడి పిస్టను వైశాల్యము 5 చదరపు సెంటీమీటర్లైతే, అది 125 కిలోల బలముతో బ్రేకు షూను డ్రమ్ముకు అదుముతుంది.

ఈ అమరికలో ఒక లోపము ఉన్నది. గొట్టము ఎక్కడ పగిలినా పీడనము అంతటా పోతుంది. మన దేశములో 1950లలో, 1960లలో తయారైన అంబాసిడరు కార్లు, జీపులు ఇటువంటివే. అందుచేత మాస్టరు సిలిండరును రెండు గదులుగా విభజించి, ముందు చక్రములకు ఒక గది, వెనుక చక్రములకు ఒక గది ఏర్పరచినారు. ఒకటి పోయినా రెండవది మిగులుతుంది. 1968 జనవరి నుండి అమెరికాలో కొత్త కార్లకు ఈ పద్ధతి, దానితోపాటు హెచ్చరిక దీపము, చట్టప్రకారము తప్పనిసరి అయినవి. పాత బండ్లను బాగుచేసేటప్పుడు ఈ రెండింటినీ కొత్తగా అమర్చుకొనేవారు కూడ ఉన్నారు.

సగము బ్రేకు పోయినదని దీపమునకు ఎవరు చెబుతారు? ఒక చిన్న ఇత్తడి లేక ఇనుప గొట్టము, దాని నడుమ అటూ ఇటూ జరుగగల చిన్న పిస్టను. పిస్టనుకు ఒక వైపున ముందు చక్రముల ద్రవము, మరొక వైపున వెనుక చక్రముల ద్రవము నొక్కుతూ ఉంటాయి. రెండు పీడనములూ సమానముగా ఉన్నంతవరకు పిస్టను నడుమనే నిలుస్తుంది. ఒక వైపు కారిపోతే, బలమైన వైపు దానిని బలహీనమైన వైపునకు నెట్టుతుంది. అప్పుడు పిస్టను అంచు ఒక స్విచ్చి మొనను పైకి లేపి, దీపపు వలయమును పూర్తి చేస్తుంది. చెడుగుడులో గీత దాటిన ఆటగాని వలె, అది అవతలికి పోయిందంటే తనంతట తాను తిరిగి రాకపోవచ్చును.

ఈ దీపమునకు ఒకే స్విచ్చి ఉండదు. చాల కార్లలో హ్యాండు బ్రేకు వద్ద ఒకటి, ద్రవము పోసే డబ్బా మూతలో తేలే బెండుతో పనిచేసేది మరొకటి ఉంటాయి. దీపమునకు విద్యుత్తు తాళము వైపు నుండి వస్తుంది. స్విచ్చిలన్నీ సమాంతరముగా ఉండి, దాని రెండవ కొసను కారు శరీరమునకు, అనగా ఎర్తుకు, కలుపుతాయి. ఏ ఒక్కటి మూసుకున్నా దీపము వెలుగుతుంది. కాబట్టి వెలిగిన దీపము దోషమున్నదని చెబుతుంది గాని, ఎక్కడ ఉన్నదో చెప్పదు.

దానిని కనుగొనే పద్ధతి సులువు. కారును సమతలము మీద నిలిపి, చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, స్విచ్చిల తీగలను ఒకదాని తరువాత ఒకటి ఊడదీయవలెను. హ్యాండు బ్రేకు తీగ తీయగానే దీపము ఆరితే ఆ స్విచ్చిని సరిచేస్తే చాలును. డబ్బా మూత తీగ తీసినప్పుడు ఆరితే ద్రవము తగ్గినదన్నమాట. పోసి ఊరుకొనక, అది ఎటు పోయినదో వెదకవలెను. అన్ని తీగలూ తీసినా వెలుగుతూనే ఉంటే, ఎలుక కొరికిన తీగయో, ఒరుసుకొని తొడుగు పోయిన తీగయో ఎక్కడో శరీరమునకు తగులుతున్నది.

పిస్టను స్విచ్చి తీగ తీసినప్పుడు ఆరిందంటే, ముందు కారుడు కోసము అన్ని అతుకులూ, చక్రముల లోపలి వైపులూ చూడవలెను. కారుడు ఏమీ లేకపోతే, ఇది బాగుచేసిన బండ్లలో తరచు కనబడే చిక్కు. గొట్టములలోని గాలిని తీసివేసేటప్పుడు ఒక వైపు పీడనము పడిపోయి, పిస్టను అటు జరిగి అక్కడనే ఉండిపోతుంది. చివరకు ముందు చక్రముల గాలి తీసి ఉంటే, వెనుక చక్రపు నిపిలును కొద్దిగా వదులుచేసి, పెడలును మెల్లగా నొక్కవలెను. పిస్టను నడుమకు వచ్చి దీపము ఆరిన క్షణమే నిపిలు బిగించవలెను. గట్టిగా తొక్కితే అది రెండవ కొసకు దూకుతుంది.

ఇక వెలగని దీపము. బల్బు మాడి ఉండవచ్చును. స్విచ్చి తీగను ఊడదీసి దాని కొసను ఇంజను లోహమునకు తాకిస్తే ఆ సంగతి తేలుతుంది. బల్బు వెలిగితే దోషము స్విచ్చి వైపున ఉన్నది. సముద్రపు గాలి తగిలే విశాఖ వంటి ఊళ్ళలో ఏళ్ళు నిలిచిన బండిలో పిస్టను తుప్పుతో పట్టుకొనిపోయి కదలకపోవచ్చును. మరొక కారణము వింతయైనది. కొత్త రంగు! స్విచ్చి ఉన్న గొట్టము శరీరమునకు బిగింపబడే చోట దళసరిగా రంగు ఉంటే, ఎర్తు తెగిపోవచ్చును. బండి అద్దమువలె మెరుస్తుంది, హెచ్చరిక మూగపోతుంది. బోల్టు క్రింద రంగు గీకడమే దీనికి చికిత్స.

అన్నీ సరిగా ఉన్నా దీపమునకు కనబడని దోషములు ఉన్నవి. ఆ పిస్టను త్రాసు వంటిది. పోల్చుతుంది గాని కొలవదు. రెండు పళ్ళెములూ ఖాళీగా ఉన్నా త్రాసు ముల్లు నడుమనే నిలుస్తుంది కదా! ఘాటులో జరిగేది సరిగా ఇదే. తొలిరోజులలో బ్రేకు ద్రవముగా ఆముదములో ఆల్కహాలు కలిపి వాడేవారు. నేడు ఎక్కువగా వాడే గ్లైకాలు జాతి ద్రవములు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 3 అనే రకము కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు ముందు మరుగరాదు. నూటికి నాలుగు పాళ్ళకు కొంచెము తక్కువగా నీరు చేరితే, దాని కనీస ప్రమాణమే 140 డిగ్రీలు. పొగమంచు, వానలు గల మన్యములో, ఏళ్ళుగా మార్చని ద్రవముతో దిగుతూ బ్రేకు తొక్కుతూనే ఉంటే, చక్రముల వద్ద అది ఆవిరి కావచ్చును. ద్రవము నొక్కితే నలగదు; ఆవిరి నలుగుతుంది. పెడలు నేలకు దిగిపోతుంది. రెండు వలయములలోనూ ఇదే జరిగితే దీపము వెలగకపోవచ్చును. చల్లారిన తరువాత మెకానిక్కు చూస్తే అంతా బాగుగానే ఉంటుంది!

అందుకే బండి బాగుచేసినప్పుడే పాత ద్రవమంతా తీసివేయించవలెను. ఏ గేరులో ఎక్కినామో ఆ గేరులోనే దిగవలెనని ఘాటు డ్రైవర్లు చెప్పేది కూడ బ్రేకుల వేడిని ఇంజనుకు పంచడానికే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. టార్చి బల్బు, బ్యాటరీ, సమాంతరముగా మూడు స్విచ్చిలు ఉంటే దీపపు వలయము సిద్ధము. సూదులు లేని రెండు సిరంజిలను సెలైను గొట్టముతో కలిపి, గాలి లేకుండ నీరు నింపి, ఒకదానిని నొక్కితే రెండవది వెంటనే కదులుతుంది. తరువాత శనగగింజంత గాలిబుడగను లోపలికి పోనివ్వండి. రెండవ సిరంజి పైన అర కిలో బరువు నిలిపి నొక్కితే, బరువు లేవడానికి ముందు బుడగ కుంచించుకొనడము పిల్లలకు కంటికి కనబడుతుంది.