జపాను సేద్యము: మన చేలగట్టునుండి ఒక చూపు

జపాను అనగానే మనకు మొదట తోచునవి యంత్రములు, మెఱుపువేగముతో పోవు రైళ్లు, చేతిగడియారములు, రేడియోలు. కాని ఆ దేశమునుండి మనకు సేద్యమును గూర్చిన మాటలు కూడ వచ్చినవి. అవి మూడుమార్లు మూడు విధములుగా వచ్చినవి. మొదటిమారు వచ్చిన మాట “ఇట్లు చేయుడు” అని. రెండవమారు వచ్చినది “ఇన్ని పనులు చేయనక్కఱలేదు” అని. మూడవమారు ఎవరును నోరువిప్పి చెప్పలేదు. ఆ దేశపు వార్తలను చదివి మేమే గ్రహించితిమి. ఆ మూడవ మాట మన పల్లెలకు హెచ్చరిక వంటిది.

ఈ మూడు మాటలను మేము చెన్నేకొత్తపల్లి చేలగట్టున నిలిచి పరికింప దలచితిమి. ఈ ఊరు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో, పెనుకొండకు ధర్మవరమునకు చేరువలో, 44వ జాతీయ రహదారి ప్రక్కన ఉన్నది. ఇక్కడిది ఎఱ్ఱనేల, వాన చాలదు. ఉమ్మడి అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి 550 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల నుండును. జపానులోని షికోకు ద్వీపమున ఎహిమే ప్రాంతమునందు అంతకు రెండింతలకు మించి కురియును. ఇట్టి మెట్టనేలకు అట్టి తడినేలతో పనియేమి అని పాఠకులు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ఈ మండలములోనే మొలచి యున్నది. దానిని ముందు చెప్పుదుము.

మొదటి మాట 1953లో వచ్చినది. ఆ యేట భారత ప్రభుత్వము “జపాను పద్ధతి వరిసాగు” అను ప్రచారమును దేశమంతట ప్రారంభించెను. ఎత్తుగా కట్టిన నారుమళ్లు, తక్కువ విత్తనము, తాడుపట్టి వరుసగా నాటుట, వరుసలనడుమ చేతియంత్రముతో కలుపు తీయుట, కంపోస్టును రసాయనిక ఎరువును మెండుగా వేయుట, ఇవి దానిలోని అంగములు. శ్రద్ధతో చేసినచోట దిగుబడి పెరిగినమాట నిజము. అయినను ఆ పద్ధతి కొంతకాలము మాటలలో మ్రోగి, పెక్కుచోట్ల మడిలో నిలువకపోయెను.

ఎందువలన నిలువలేదు? వరుసనాటు వేయుటకు కూలీలు ఎక్కువ కావలెను. ఎరువునకు రొక్కము కావలెను. వచ్చు సంవత్సరము ఈ మడి తనచేత నుండునో లేదో తెలియని కౌలుదారు దానిపై ఎట్లు ఖర్చుపెట్టును? జపాను రైతు పెట్టగలిగెను; దానికి కారణము వరుసనాటులో లేదు, ఆ దేశపు భూమిచట్టములో ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు అక్కడి సాగుభూమిలో సగమునకు కొంచెము తక్కువగా కౌలుదార్లే దున్నుచుండిరి. యుద్ధానంతరము, 1946లో చేసిన చట్టముననుసరించి, ఊరిలో నివసింపని భూస్వాముల కౌలుభూమి నంతయు, ఊరిలోనున్నవారి కౌలుభూమిలో మితి మించినదానిని ప్రభుత్వము కొని, దున్నువారికే అమ్మివేసెను. 1950 నాటికి కౌలుభూమి సుమారు పదవవంతునకు దిగినది. 1947లో వ్యవసాయ సహకార సంఘముల చట్టము వచ్చినది. అప్పు, ఎరువు, అమ్మకము మూడును ఆ సంఘములద్వారా నడచినవి.

మనము నారుమడి కొలతను తెచ్చుకొంటిమి. చట్టమును అక్కడనే విడిచితిమి. ఆంధ్రప్రదేశములో గట్టి భూపరిమితి చట్టము వచ్చుటకు 1973 వఱకు ఆగవలసివచ్చెను. కౌలుదారునకు కార్డునిచ్చు పంటసాగుదారుల హక్కుల చట్టము 2019లో వచ్చినది. ఆ కార్డునకు గడువు పదునొకండు నెలలు; దానికి భూయజమాని సమ్మతి కావలెను. జపాను పద్ధతి విఫలమయ్యెనని పలుకువారు ఈ రెండు చట్టములను ప్రక్కప్రక్కన నుంచి చదువవలెనని మా మనవి.

రెండవ మాట ఒక పుస్తకమై వచ్చినది. ఎహిమే ప్రాంతపు రైతుకుటుంబమున 1913లో పుట్టిన మసనోబు ఫుకువోకా మొక్కలతెగుళ్లను చదివిన శాస్త్రజ్ఞుడు. యొకొహామా రేవులో వచ్చిపోవు మొక్కలను పరీక్షించు ఉద్యోగి. ఇరువదియైదవయేట ఆయనకు తాను నేర్చిన విద్యయందే సందేహము కలిగెను. ఉద్యోగమును విడిచి ఇంటికి మరలెను. దుక్కి వలదు, రసాయనిక ఎరువును తయారుచేసిన కంపోస్టును వలదు, దున్నియు మందుచల్లియు కలుపు తీయవలదు, పురుగుమందులపై ఆధారపడవలదు అని నాలుగు నియమములు పెట్టుకొని దశాబ్దములపాటు పొలమున శోధించెను. వరికోతకు ముందే వరిలో తెల్లక్లోవరును శీతకాలపు ధాన్యమును చల్లి, కోసిన గడ్డిని ముక్కలు చేయక మరల పొలముపైననే పఱచుట ఆయన పద్ధతి. ఆయన గ్రంథము 1975లో జపాను భాషలో, 1978లో ఆంగ్లములో వెలువడినది. తెలుగున “గడ్డిపరకతో విప్లవం” అను పేర వచ్చినది. 1988లో ఆయనకు మెగసెసె పురస్కారము లభించెను, 2008లో మరణించెను.

ఆ పుస్తకమును చదివి కదలినవారిలో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వారి మిత్రులు ఉన్నారు. వారు 1990లో చెన్నేకొత్తపల్లి మండలమున 32 ఎకరముల బీడుభూమిని కొనిరి. అదియే టింబక్టు కలెక్టివ్ అను సంస్థకు మొదలు. అందు వారు చేసిన మొదటిపని నిప్పునుండియు, అదుపులేని మేతనుండియు ఆ నేలను కాపాడుట. పారిపోవు వాననీటిని కట్టలు వేసి నిలుపుట. నేలలో అణగియున్న వేళ్లును విత్తనములును తమంతట తాము లేచినవి. చుట్టుప్రక్కల పల్లెలవారును చేయికలిపి, కల్పవల్లి అని పేరు పెట్టుకొన్న వేలాది ఎకరముల బంజరు కొండలపై గడ్డిని, చెట్టును మరల రప్పించిరి.

ఇక్కడ గడ్డిని గూర్చి ఒక చిక్కు కలదు. దానిని విప్పక ముందుకు పోరాదు. ఫుకువోకా పొలమున గడ్డి పొలముపైననే పడియుండును. మన సీమలో గడ్డి పడియుండుటకు వీలున్నదా? జొన్నచొప్పయైనను, కొఱ్ఱగడ్డియైనను, వేరుసెనగ కట్టెయైనను, వానలేని నెలలలో పశువు నోటికి అదియే ఆధారము. దానిని చేనిపై పఱచుడని చెప్పుట ఎద్దును అమ్ముకొమ్మని చెప్పుటయే యగును. కావున ఇచ్చటి రైతు గడ్డిని పశువునకు వేయును; పశువు పేడ నిచ్చును; పేడ చేనికి పోవును. తీసినదానిని నేలకు మరల ఇచ్చుట అను సూత్రము ఒక్కటే. అక్కడ అది తిన్నగా పోయినది, ఇక్కడ పశువు కడుపుగుండ చుట్టుదారిని పోవుచున్నది. పశువులను అమ్మివేసిన ఇంట ఆ దారి తెగిపోవును. ఫుకువోకాను చదివిన రైతు తన పొలమున వెదుకవలసినది ఈ తెగినచోటును.

ఆయన మఱియొక ఉపాయము మన ఎఱ్ఱనేలకు ఇంకను దగ్గఱగా ఉన్నది. విత్తనములను బంకమట్టిలో ఉండలుచేసి చల్లినచో ఎండ, పిట్ట, చీమ వానిని చెఱుపవు, వానపడినప్పుడు మొలచును. ఆంధ్రప్రదేశమున 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమములో, తొలకరికి ముందే పలువిధముల విత్తనములకు మట్టి, పేడ, బూడిద పట్టించి పొడినేలపై చల్లు పద్ధతి వాడుకలోనికి వచ్చినది. ఇవి రెండును ఒకే ఆలోచనకు దగ్గఱవి.

టింబక్టువారు పుస్తకమునకు ఒక విషయమును చేర్చిరి. ఫుకువోకా తన పొలమున దాదాపు ఒంటరి. వీరు సంఘములను కూర్చిరి. 1992 మొదలు స్త్రీల పొదుపు సహకార సంఘములు ఏర్పడినవి. 2008లో ధరణి అను రైతుల సహకార సంఘము ఏర్పడి, సభ్యులు మందులు లేక పండించిన కొఱ్ఱ, సామ, వేరుసెనగ మొదలగువానిని కొని, శుభ్రపఱచి, అమ్ముచున్నది. 1953లో మనము జపానులోనే విడిచివచ్చిన సహకార సూత్రము, నాలుగు దశాబ్దములు తిరిగి, తనదైన రూపున ఈ మెట్టసీమలో వేరూనినది.

మూడవ మాటకు వత్తము. ఇది ఈనాటి జపాను రాజకీయమునకు సంబంధించినది. 2024 వేసవి చివర అక్కడి నగరములలో పెక్కు దుకాణములందు బియ్యపు అరలు ఖాళీ అయ్యెను. అయిదు కిలోల సంచి వెల ఒక్క యేటిలో రెండింతలై, 2025 మే నెలకు 4200 యెన్నులను దాటెను. ప్రభుత్వము కరవుకొఱకు దాచిన నిల్వలను మార్చిలో వేలమువేసెను. వెల వెంటనే దిగలేదు. ఆ సమయముననే వ్యవసాయమంత్రి టాకు ఎటో, తాను ఎన్నడును బియ్యము కొనియెఱుగనని, అభిమానులు తెచ్చియిచ్చినది ఇంట సమృద్ధిగా నున్నదని సభలో పలికెను. మే 21న ఆయన పదవి పోయెను. జులైలో జరిగిన ఎగువసభ ఎన్నికలలో పాలకపక్షము ఆధిక్యమును కోల్పోయెను. సెప్టెంబరులో ప్రధాని ఇషిబా తాను తప్పుకొందునని ప్రకటించెను. అక్టోబరులో సనాయె టకాయిచి ఆ దేశపు తొలి మహిళాప్రధాని అయ్యెను. బియ్యమొక్కటే ఇన్నింటికి కారణమని మేము చెప్పము. కాని ఇల్లాలి సంచి బరువు ఎన్నికల పెట్టెకు తెలియునని చెప్పుదుము.

ఈ కొఱతకు వేరు చాల లోతున నున్నది. 1955లో ఏర్పడిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ కొద్ది సంవత్సరములు తప్ప నేటివఱకు ఆ దేశమును పాలించుచు వచ్చినది. పట్టణపు వోటుకంటె పల్లెవోటునకు బరువెక్కువగా నుండుటచే ఆ పార్టీ రైతునకు మంచి ధర కట్టి బియ్యము కొనుచుండెను. పంట పెరిగినది, తిండి మాఱినది. 1962లో తలకు ఏటికి 118 కిలోల బియ్యము తిన్న జనులు నేడు సుమారు 50 కిలోలు మాత్రమే తినుచున్నారు. మిగులు కొండలుగా పేరుకొనుటచే 1970 మొదలు ప్రభుత్వము వరి తగ్గించి సాగుచేయుడని రైతులకు సొమ్మునిచ్చెను. ఆ కోటా 2018లో లాంఛనముగా ముగిసినను, వరి విస్తీర్ణమును కట్టడిచేయు అలవాటు పోలేదు. 2023 నాటి తీవ్రమైన ఎండకు గింజ చెడగానే, ఆ కట్టడి కొఱతయై బయటపడెను. 2025 ఆగస్టులో ఒక ప్రభుత్వము పంట పెంచుదుమనెను. అక్టోబరులో వచ్చిన ప్రభుత్వము గిరాకీకి తగినంతయే చాలుననెను. రైతు ఎవరి మాట నమ్మి విత్తవలెను?

అంతకంటె పెద్దప్రశ్న, విత్తుటకు రైతు ఉన్నాడా అనునది. జపానులో వ్యవసాయమే ముఖ్యవృత్తిగా గలవారు 2000లో 24 లక్షలు. 2024 నాటికి 11 లక్షలు. వారి సగటు వయస్సు 69 యేండ్లు. 2015 లెక్కలలో సాగు మానివేసిన భూమి 4 లక్షల 23 వేల హెక్టార్లు. 2023లో దేశమందు 90 లక్షల యిండ్లు ఖాళీగా నున్నట్లు తేలినది. భూమి దున్నువానిది అయ్యెను; ధర దొరికెను; సంఘము నిలిచెను; యంత్రము వచ్చెను. అయినను కొడుకును కూతురును పట్టణమునకు పోయిరి.

ఇచ్చట ఫుకువోకా తన గ్రంథమున చెప్పుకొన్న తప్పు ఒకటి జ్ఞప్తికి వచ్చును. యౌవనమున ఆయన తండ్రి నారింజతోటను ప్రకృతికే వదలెదనని కొమ్మ కత్తిరించుట మానివేసెను. కొమ్మలు చిక్కుపడినవి, పురుగు పట్టినది, చెట్లు ఎండిపోయెను. ఒకమారు మనుష్యుడు చేయిపెట్టి పెంచినదానిని విడిచివేయుట ప్రకృతిసేద్యము కాదని ఆయన అప్పుడు నేర్చుకొనెను. నేటి జపాను పల్లెలలోని బీళ్లు ఆ నారింజతోట వంటివి. టింబక్టు కొండను చూచినవారికి ఈ భేదము తేటపడును. అక్కడ తక్కువ పని చేసిరి; కాని నిప్పువచ్చునేమో అని వేసవిపొడుగున కనిపెట్టియుండిరి. కావలి మానినచో ఆ కొండయు తిరిగి బోడియగును.

జపాను ధనికదేశము, వారికి పొలము లేకున్న దిగుమతి కలదు, మన పిల్లలకు ఉద్యోగములే మేలు అని కొందఱు పెద్దలు అందురు. ఆ మాట త్రోసివేయదగినది కాదు. పెనుకొండ చేరువ ఎఱ్ఱమంచివద్ద 2019 నుండి కొరియావారి మోటారుకార్లు తయారగుచున్నవి. నెలజీతము వచ్చు పనిని విడిచి వాననమ్ముకొని బ్రతుకుమని ఏ యువకునకును చెప్పు అర్హత మాకు లేదు. అయితే జపాను కూడ ఈ దారినే పోయెను. పోయిన అరువదియేండ్లకు బియ్యపుసంచికొఱకు వరుసలో నిలువవలసివచ్చెను. మెట్టభూమిని నమ్ముకొన్న మనకు అంత వ్యవధి యుండునా?

రేడియోలో గాని, సభలలో గాని సేద్యమును గూర్చి ఎవరు మాటలాడినను ఎకరమునకు ఎన్ని బస్తాలు అని అడుగుట మనకు అలవాటు. ఇకపై ఇంకొక రెండు ప్రశ్నలను జోడింపవలెనని మా అభిప్రాయము. దున్నువాని చేత ఆ భూమి ఎన్నియేండ్లు నిలుచును? ఆయన తరువాత దానిని దున్నువా రెవ్వరు? మొదటి ప్రశ్నకు జపాను 1946లో సమాధానము చెప్పెను. రెండవదానికి నేటికిని చెప్పలేకున్నది. మనము మొదటిదానినే ఇంకను ముగింపలేదు. రెండవది మాత్రము మన గడపలోనికి వచ్చి కూర్చున్నది. ఈ రాత్రి భోజనమువేళ ఇంటిపెద్దలు, పిల్లలు కలిసి ఈ రెండవ ప్రశ్నను ఒకమారు మాటలాడుకొన్నచో, జపాను మూడవమారు పంపిన మాట చేరవలసినచోటికి చేరినట్లే.