తక్కెడ ఎవరి చేతిలో నున్నది?

మన పాఠశాల విద్యార్థులలో చాక్లెట్టు రుచి నెరుగనివారు లేరు. కాని ఆ తీపికి మూలమైన గింజ ఏ చెట్టున కాయునో, దానిని పండించినవారికి ఏమి దక్కుచున్నదో విచారించినవారు అరుదు. మేము ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండిన దినములలో, గోదావరి ప్రాంతపు కొబ్బరితోటలలో నీడపట్టున పెరుగుచున్న కోకో చెట్లను మొదటిసారి చూచితిమి. కాయలు పనసకాయలవలె మ్రానునే అంటిపెట్టుకొని యుండుట మాకు వింతగొల్పెను. అయితే ప్రపంచపు కోకోలో అధికభాగము పశ్చిమ ఆఫ్రికాలో పండుచున్నది. అందలి ఘనా దేశపు రైతులు తమ కష్టఫలమును కాపాడుకొనుటకై కట్టుకొనిన యొక సహకార సంఘమును గూర్చి యిచట తెలిసికొందము.

ఘనాలో కోకో సాగు వ్యాపించుటకు ఆద్యుడుగా టెట్టె క్వార్షీ అను కమ్మరిని చెప్పుకొందురు. ఆయన 1879లో ఫెర్నాండో పో ద్వీపమునుండి గింజలు తెచ్చి మాంపాంగ్ గ్రామమున నాటెను. నేటికిని అచటి కోకో తోటలు చాలవరకు చిన్న రైతులవే. పండిన కాయలను కత్తితో కోసి, పగులగొట్టి, తెల్లని గుజ్జుతో కూడిన గింజలను తీసి, అరటియాకులు పరచి కుప్పవోసి, పైన ఆకులే కప్పుదురు. ఐదారు దినములు ఆ కుప్ప లోలోపల వేడెక్కి పులియవలెను. పులియని గింజకు చాక్లెట్టు వాసన పట్టదు. పిమ్మట చాపలపై పోసి, కలియబెట్టుచు వారమునకు పైగా ఎండబెట్టుదురు. చివరకు గోనె సంచులకెత్తి తూనికకు తెత్తురు. ఇన్నాళ్ల శ్రమకు విలువ తేలునది తక్కెడ యొద్దనే.

ఆ తక్కెడ ఎవరి చేతిలో నున్నది? రైతు కథ యంతయు ఈ ప్రశ్నలోనే యిమిడి యున్నది. బ్రిటిషు పాలనలో కొనుగోలు కంపెనీలు తమలో తాము ఒడంబడిక చేసికొని ధరను తగ్గించగా, 1937-38లో రైతులు నెలల తరబడి కోకో అమ్మక నిలిపివేసిరి. విచారణ సంఘము వచ్చెను. 1947లో ప్రభుత్వ కోకో మార్కెటింగు బోర్డు ఏర్పడెను. అప్పటినుండి రైతుకిచ్చు ధరను ప్రభుత్వమే నిర్ణయించుచు వచ్చినది. కాని ధర నిర్ణయమైనంతమాత్రమున తూనిక సరియగునా? కొనుగోలు గుమాస్తా త్రాసును సవరించి బస్తాకు కొన్ని కిలోలు మింగివేసినచో, ముల్లు చదువనేరని రైతు ఎవరితో మొరపెట్టుకొనగలడు?

1993లో ప్రభుత్వము కోకో కొనుగోలుకు ప్రైవేటు సంస్థలకును అనుమతి నిచ్చెను. ఆ యవకాశమును పురస్కరించుకొని కొందరు రైతులు కూడి, ట్విన్ అను బ్రిటిషు వాణిజ్య సంస్థ తోడ్పాటుతో, కుఆపా కోకో అను సంఘమును స్థాపించిరి. ట్వీ భాషలో ఆ పేరునకు ‘మంచి కోకో రైతు’ అని యర్థము. ఇరువది రెండు గ్రామములతో ఆరంభమైన యీ సంఘమున నేడు వేలకొలది సభ్యులు గలరు. దీని కీలకము మిక్కిలి సులభమైనది. ప్రతి గ్రామ సంఘమును తూనిక వేసి లెక్క వ్రాయు మనిషిని తమలోనుండియే ఎన్నుకొనును. అతడు అందరి యెదుట తూచును. పుస్తకమున వ్రాసి చూపును. మోసగించినచో మరల ఎన్నికగాడు. ఆ యూరిలోనే తలయెత్తుకొని తిరుగలేడు. గ్రామమునుండి మండలమునకు, మండలమునుండి మహాసభకు ప్రతినిధులు పోవుదురు. కార్యవర్గములలో స్త్రీలకును స్థానము లుంచిరి. 2010లో ఒక స్త్రీయే సంఘాధ్యక్షురాలుగా ఎన్నికయ్యెను.

ఇక ‘న్యాయ వాణిజ్యము’ అనగానేమి? ఫెయిర్‌ట్రేడ్ ముద్రతో సరకు అమ్మదలచిన కంపెనీలు రెండు నియమములకు లోబడవలెను. ఒకటి, బజారు ధర ఎంత పడిపోయినను ఒక కనీసపు ధర చెల్లించవలెను. రెండు, ధరకు పైగా రైతు సంఘమునకు అదనపు నిధి నీయవలెను. 2019 అక్టోబరునుండి టన్ను కోకోకు కనీసపు ధర 2,400 డాలర్లుగను, అదనపు నిధి 240 డాలర్లుగను నిర్ణయించిరి. 240 డాలర్లనగా మన రూపాయలలో ఇరువది వేలకు పైమాట.

ఒక లెక్క వేసి చూతము. ఒక గ్రామమున 60 మంది రైతులు తలకు అర టన్ను చొప్పున పండించి, అంతయు ఈ నియమములపై అమ్మిరనుకొందము. మొత్తము 30 టన్నులు. అదనపు నిధి 7,200 డాలర్లు. దీనిని పంచుకొనినచో తలకు 120 డాలర్లు వచ్చి కొలది దినములలో ఖర్చైపోవును. కలిపి యుంచినచో ఊరికొక బోరుబావి యగును. ఎట్లు ఖర్చు చేయవలయునో సభ్యులే సభలో తేల్చుకొందురు. కుఆపా సంఘము ఇట్టి నిధితో బావులు త్రవ్వించినది, బడులు కట్టించినది, జొన్నపిండి మరలవలె మొక్కజొన్న మరలు పెట్టించినది, ఊరూర తిరుగు వైద్యశాలను నడిపినది. 1998లో ఇంగ్లాండున నెలకొల్పబడి, డివైన్ అను పేర చాక్లెట్టు అమ్మిన కంపెనీలో ఈ రైతులు భాగస్వాములైరి. గింజ పండించినవాడు చాక్లెట్టు లాభములో పాలు పొందుట అరుదు. 2020లో ఆ కంపెనీ యాజమాన్యము మారగా రైతుల వాటా తగ్గినది.

మేలును మాత్రమే చెప్పి లోపములను దాచుట ఉపాధ్యాయ ధర్మము కాదు. సంఘము సేకరించిన సరకంతయు న్యాయ వాణిజ్యపు నియమములపై అమ్ముడుపోదు. పోయిన దానికి మాత్రమే అదనపు నిధి లభించును. 2009లో జరిపిన తనిఖీలో కొందరు సభ్యుల తోటలలో బాలురచే పని చేయించుట బయటపడినది. 2024 డిసెంబరులో ప్రపంచ విపణిలో టన్ను ధర 12,000 డాలర్లు దాటినప్పుడు, ఘనా రైతుకు ప్రభుత్వము నిర్ణయించిన, అంతకంటె ఎంతయో తక్కువైన ధరయే దక్కినది. కనుక సహకార సంఘము దారిద్ర్యమును ఒక్కపెట్టున తుడిచివేయు మంత్రము కాదు. తూనికయు, లెక్కయు, నిధిని ఖర్చు చేయు నిర్ణయమును రైతు చేతికి తెచ్చుటయే అది చేయు మేలు. తక్కిన మేళ్లు దానినుండియే పుట్టవలెను.

విద్యార్థులారా! మీ తలిదండ్రులలో పలువురు పంటను మండీకి తోలుకొనిపోవువారే. అచట నిచ్చు తూనిక చీటీ మన తెలుగున నుండదు, రాష్ట్రభాషలో నుండును. ఇంటిలో దానిని చదువగలవారు లేకున్నచో గుమాస్తా చెప్పినదే లెక్క యగును. ఈసారి నాయనతో మీరును మండీకి పొండు. ముల్లు చూడుడు, చీటీ చదివి, దాని యర్థమును ఆయనకు తెలుగున విప్పి చెప్పుడు. తలిదండ్రులకు మా మనవి యొక్కటే: పంట దినములలో బిడ్డలను బడి మాన్పింపకుడు. ఈనాడు బడిలో నేర్చిన కూడికయు తీసివేతయే రేపు మీ తక్కెడకు కావలి కాయును.