నజాషీ ఏలిన ఎత్తైన నేల

హబషా అనగానే మనకు స్ఫురించేది క్రీ.శ. 615 నాటి హిజ్రత్. మక్కావాసుల హింసకు గురైన విశ్వాసులు దైవప్రవక్త (స) సూచన మేరకు ఎర్ర సముద్రం దాటి, న్యాయశీలియైన క్రైస్తవ రాజు నజాషీ రాజ్యానికి చేరారు. జాఫర్ బిన్ అబీతాలిబ్ (ర) మర్యమ్ సూరా వినిపించగా ఆ రాజు కన్నీరు కార్చిన ఘట్టం మన పిల్లలకు సైతం తెలుసు. ఆ నేలను గురించి మాత్రం మనం అరుదుగా ముచ్చటించుకుంటాము.

నేటి ఇథియోపియా, ఎరిట్రియాలలో విస్తరించిన పీఠభూమి అది. మండుటెండల తీరం నుండి కోటగోడలా పైకి లేస్తుంది. రాస్ దాషెన్ శిఖరం 4,500 మీటర్లను మించుతుంది. అక్కడి తానా సరస్సులో పుట్టిన నీలి నైలు ఈజిప్టు పొలాలను తడుపుతుంది. అరబికా కాఫీకి పుట్టినిల్లు ఆ అడవులే. టెఫ్ అనే సన్నని గింజల పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా వారి నిత్యాహారం. మన దోసెకు దూరపు చుట్టమనవచ్చు. ముహాజిర్లలో కొందరు ఆ చల్లని ఎత్తులలో పదేళ్లకు పైగా కాపురమున్నారు. జాఫర్ (ర) కుమారుడు అబ్దుల్లాహ్ (ర) జన్మించినది అక్కడే.

అమ్హారా, టిగ్రే ప్రజలలో అధికులు ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఒరోమోలలో రెండు మతాలవారూ ఉన్నారు. తూర్పున ప్రాకారాల నడుమ వెలసిన హరార్ నగరంలో హరారీలు తమ సొంత భాషను కాపాడుకుంటున్నారు. అక్కడ 82 మస్జిదులు ఉన్నాయి. 2007 జనగణన ప్రకారం ఇథియోపియా జనాభాలో మూడోవంతు ముస్లిములు. వొల్లో ప్రాంతంలో ఒకే వంశంలో ముస్లిములు, క్రైస్తవులు ఉండడం సాధారణం. ఒకరు కోసిన మాంసం మరొకరు తినరు కనుక, పెండ్లి విందులో ఇరువురికీ వేర్వేరుగా వండుతారు. విశ్వాసాన్ని సడలించకుండానే బంధుత్వాన్ని నిలుపుకొనే ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చింది.

టిగ్రేలోని నెగాష్ గ్రామంలో కొందరు సహాబాల సమాధులున్నాయని స్థానికుల నమ్మకం. 2020 నవంబరులో చెలరేగిన యుద్ధంలో అక్కడి మస్జిద్ దెబ్బతిన్నది. 2022 నవంబరులో ఒప్పందం కుదిరేలోగా, ఒకనాడు శరణార్థులను ఆదరించిన ఆ ఎత్తుల నుండే వేలాది కుటుంబాలు శరణార్థులై సూడాన్ సరిహద్దు దాటాయి.